గేమ్ కబుర్లు: దొంగ సీడీలతో పోటీపడి నెగ్గిన పోలాండ్ కంపెనీ

పోయిన సంచికలో ‘విచర్ 3’ అనే గేము గురించి రాస్తూ, దాన్ని తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ మొదట్లో వేరేవాళ్ల గేములను పోలిష్ భాషలోకి మార్చి అమ్ముకునేదని మాటవరసకు అన్నాను. అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ దాని మీదే. అందుకని ఈ నెలకు గ్రాఫిక్స్ కార్డుల ప్రశ్నలు పక్కన పెట్టేశాను. కార్డుల వాళ్లు కోప్పడకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: అన్నా, సీడీ ప్రాజెక్ట్ అంటే మొదటి నుంచీ గేములు తయారుచేసే స్టూడియో అనుకున్నాను. అనువాదాల కంపెనీ అంటే నమ్మబుద్ధి కావడం లేదు. అసలు ఎలా మొదలైంది? కాస్త వివరంగా చెప్పండి.
– కె.వి., ఖమ్మం

జవాబు: పేరులోనే ఉంది చూడండి, ‘సీడీ’. 1994లో వార్సా నగరంలో మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావ్ కిచిన్‌స్కీ అనే ఇద్దరు స్నేహితులు దీన్ని పెట్టారు. హైస్కూల్లో పరిచయం, ఇద్దరికీ గేముల పిచ్చి. చేతిలో ఉన్నది 2,000 డాలర్లు, ఆఫీసు అంటే తెలిసినవాళ్ల ఫ్లాట్‌లో అద్దె లేకుండా దొరికిన గది. అప్పటికి సీడీ‌రామ్ అంటే పోలాండ్‌లో వింత వస్తువు, ఫ్లాపీలే రాజ్యం. వీళ్లు అమెరికా నుంచి సీడీ గేములు తెప్పించి అమ్మడం మొదలుపెట్టారు. తయారీ లేదు, గీయీ లేదు, తెచ్చి అమ్మడమే.

కాకపోతే తెచ్చి అమ్మేవాడికి ఒక ఇబ్బంది ఉంది. పక్కవాడు కూడా అదే డబ్బా తెచ్చి రెండు జ్లోటీలు (పోలాండ్ డబ్బు) తగ్గించి అమ్మితే మన గతి ఏంటి? పైగా కమ్యూనిస్టు కాలంలో పోలాండ్ బడుల్లో తప్పనిసరిగా నేర్పింది రష్యన్, ఇంగ్లిష్ కాదు. బోలెడు సంభాషణలుండే గేము ఇంగ్లిష్‌లో వస్తే చాలామందికి అర్థమయ్యేది కాదు. 1996లో చిన్న చిన్న కంపెనీల గేములను కొంత మేరకు పోలిష్‌లోకి మార్చి చూశారు, మరుసటి ఏడాది నుంచి పూర్తిస్థాయిలో దిగారు. ‘ఏస్ వెంచురా’ అనే గేము అప్పట్లో వాళ్లకు కలిసొచ్చింది. అంతకుముందు అనువాద గేములు వందల్లో అమ్ముడైతే ఇది వేలల్లో పోయింది. తమ భాషలో ఇస్తే జనం డబ్బు పెట్టి కొంటారని అక్కడ అర్థమైంది వాళ్లకు.

ప్రశ్న: ఇవిన్‌స్కీ కుర్రతనంలో దొంగ కాపీలు అమ్మేవాడని ఎక్కడో చదివాను. నిజమేనా? అలాంటివాళ్లే తర్వాత పెద్ద కంపెనీ పెట్టి నీతులు చెప్పడం ఏమిటి సార్!
– పి.ఎస్., విజయవాడ

జవాబు: నిజమే, ఆయనేమీ దాచుకోలేదు. వార్సాలో గ్జిబోవ్‌స్కా వీధిలో శని ఆదివారాలు కంప్యూటర్ సంత జరిగేది, ఆ రోజుల్లో గేములన్నీ అక్కడే చేతులు మారేవి. అక్కడ అమ్మినవాళ్లలో ఈయనా ఉన్నాడు. ‘దొంగ’ అనే ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్‌కు రక్షణ ఇచ్చే కొత్త కాపీరైట్ చట్టాన్ని పోలాండ్ చేసిందే 1994 ఫిబ్రవరిలో, అమల్లోకి వచ్చింది ఆ మే నెల చివర్లో. అంతవరకు అసలు సరుకు కొందామన్నా అమ్మే షాపు లేదు. సరిగ్గా ఆ మే నెలలోనే వీళ్ల కంపెనీ పుట్టింది.

నీతుల సంగతికొస్తే, వీళ్లు చెప్పిన నీతులు చాలా తక్కువ. అదే నాకు నచ్చిన విషయం కూడా. పైరసీ చేసేవాణ్ణి దొంగలా కాకుండా, తక్కువ ధరకు అమ్మే పక్క షాపువాడిలా చూశారు. సంతలో నిలబడినవాళ్లు కదా, కొనేవాడు ఎందుకు కొంటాడో దగ్గరి నుంచి చూశారు.

ప్రశ్న: మన దగ్గర 2000 ప్రాంతంలో వంద రూపాయలకు ప్లాస్టిక్ కవర్లో గేము సీడీ దొరికేది. అసలుది కొన్న మనిషిని నేను చూడలేదు. పోలాండ్‌లో కూడా అంతేగా, మరి వీళ్లు అసలు సరుకు ఎలా అమ్మగలిగారు?
– ఎం.ఆర్., హనుమకొండ

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో అసలైన ప్రశ్న ఇదే, దీనికి కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటాను.

‘బాల్డర్స్ గేట్’ అని 1998 చివర్లో వచ్చిన గేము. తయారుచేసింది కెనడాలోని బయోవేర్, పబ్లిష్ చేసింది అమెరికాలోని ఇంటర్‌ప్లే. ఐదు సీడీలు, లెక్కలేనన్ని సంభాషణలు, మొత్తం చదువుకుంటూ ఆడాల్సిన వ్యవహారం. సీడీ ప్రాజెక్ట్ వాళ్లు ఇంటర్‌ప్లేను ఒప్పించి పోలిష్ హక్కులు తెచ్చుకున్నారు. ఇంత సరుకు అనువాదం చేసే సాహసం ఇంకెవరూ చెయ్యరని వాళ్ల ధీమా.

ఇక్కడ లెక్క చూడండి. గేము ఐదు సీడీలు కాబట్టి సంతలో దొంగ కాపీ కూడా ఐదు సీడీల ధర పలుకుతుంది. అంటే దొంగ కాపీకీ అసలుకీ మధ్య తేడా మామూలు గేముకు ఉన్నంత ఉండదు. ఆ మిగిలిన తేడాను డబ్బాలో పెట్టే వస్తువులతో పూడ్చాలని చూశారు. తోలుకాగితంలాంటి దాని మీద అచ్చేసి లక్క ముద్ర వేసిన మ్యాపు, ఈ గేముకు ఆధారమైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట నియమాల పుస్తకం, సంగీతం సీడీ, ఇవన్నీ పట్టే పెద్ద డబ్బా. సంతలోవాడు సీడీ కాపీ కొట్టగలడు, లక్క ముద్రను ఎలా కాపీ కొడతాడు?

ఇంకో పని చేశారు, గొంతుల కోసం పేరున్న నటులను తెచ్చారు. కథ చెప్పే గొంతు పియోత్ర్ ఫ్రొంచెవ్‌స్కీది. పోలాండ్‌లో ఆయన గొంతు తెలియని ఇల్లు లేదు. గేములో ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లబోతుంటే, మనవాళ్లలో ఎవరైనా వెనకబడితే ఆయన గొంతు ఆపుతుంది: ప్రయాణానికి ముందు జట్టును కూడగట్టుకోవాలి అని. ఆడినన్ని గంటలూ ఈ మాట వినీ వినీ అది జనం నోళ్లలో పడిపోయింది, గేము ముట్టనివాళ్లు కూడా ఇప్పటికీ దాన్ని జోకుగా వాడతారు. మన సినిమా డైలాగులు పెళ్లిళ్లలో, ఆఫీసుల్లో ఎలా తిరుగుతాయో అలాగన్నమాట.

1999లో విడుదల రోజునే 18,000 డబ్బాలు షాపులకు వెళ్లాయి. ఆ రోజుల్లో ఆ దేశంలో మామూలు గేముకు అది ఊహకందని అంకె. డబ్బాలో అదనంగా వస్తువులు పెట్టే ఈ అలవాటు వాళ్లకు తర్వాత కూడా పోలేదు. 2015లో ‘విచర్ 3’ మామూలు డిస్క్ కొన్నవాళ్లకు కూడా మ్యాపు, పాటల సీడీ, చిన్న పుస్తకం, స్టిక్కర్లు, కొన్నందుకు థ్యాంక్స్ చెబుతూ ఒక కాగితం వచ్చాయి. అప్పటికి మిగతా కంపెనీలు డబ్బాలో డిస్కు, ఒక రంగు కాగితం పడేసి పంపే రోజులు. ఆ డబ్బా విప్పినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: అనువాదం చేసేవాళ్లు ఒక్కసారిగా గేమ్ తయారీలోకి ఎలా దూకారు? ప్రోగ్రామర్లు ఎక్కడి నుంచి వచ్చారు?
– డి.ఎన్., రాజమహేంద్రవరం

జవాబు: దూకలేదు, తోసేశారు అనాలి. ఇంటర్‌ప్లేతో పరిచయం బాగా కుదిరాక ‘బాల్డర్స్ గేట్: డార్క్ అలయన్స్’ అనే కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే యంత్రం) గేమును పీసీకి మార్చే పని వీళ్లు తీసుకున్నారు. అనువాదాల కంపెనీకి ప్రోగ్రామర్లు ఎక్కడుంటారు? సెబాస్టియన్ జెలిన్‌స్కీ, ఆడమ్ బదోవ్‌స్కీ లాంటివాళ్లను ఈ పని కోసమే తీసుకున్నారు. తీరా ఆర్నెల్లు గడిచేసరికి ఇంటర్‌ప్లే ఆర్థికంగా చితికిపోయింది, గేము ఆగిపోయింది. చేతిలో సగం రాసిన కోడ్, జీతాలు ఇవ్వాల్సిన మనుషులు మిగిలారు.

సరే, మనమే ఒక గేము తీద్దాం అనుకున్నారు. 2002లో వుడ్జ్ నగరంలో ‘సీడీ ప్రాజెక్ట్ రెడ్’ పేరుతో స్టూడియో పెట్టారు. ఏడాది తంటాలు పడి తయారుచేసిన ‘విచర్’ డెమో పట్టుకుని యూరప్‌లో పబ్లిషర్ల చుట్టూ తిరిగితే ఒక్కరూ ఔననలేదు. డెమో నిజంగానే బాగాలేదని వాళ్లే తర్వాత ఒప్పుకున్నారు. వుడ్జ్ ఆఫీసు మూసేసి జెలిన్‌స్కీ తప్ప మిగతా జట్టును వార్సాకు తెచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

ఇక్కడ పాత పరిచయం పనికొచ్చింది. ‘బాల్డర్స్ గేట్’ కాలం నుంచి తెలిసిన బయోవేర్ గేముకు పునాదిగా పనికొచ్చే సాఫ్ట్‌వేర్, అంటే తన అరోరా ఇంజిన్‌ను లైసెన్స్‌కు ఇచ్చింది. 2004లో లాస్ ఏంజెలిస్‌లో జరిగిన ఈ3 అనే గేముల ప్రదర్శనలో తన స్టాల్‌లోనే తన గేము ‘జేడ్ ఎంపైర్’ పక్కన కొంచెం చోటు కూడా ఇచ్చింది. ఊరూ పేరూ తెలియని పోలాండ్ కంపెనీకి జనం తొక్కిడి ఉన్నచోట చోటు దొరకడమంటే మాటలా! ఒక్కోసారి నాకనిపిస్తుంది, వాళ్లు అనువాదం బాగా చేసి ఉండకపోతే బయోవేర్ వాళ్ల ఫోన్ ఎత్తేదే కాదని.

చివరికి ‘విచర్’ బయటికొచ్చింది 2007 అక్టోబర్‌లో. ఐదేళ్లు, దాదాపు వంద మంది, సుమారు 2 కోట్ల జ్లోటీల ఖర్చు. ఈ ఐదేళ్లూ ఆ ఖర్చును మోసింది పక్కన నడుస్తున్న అనువాదం, పంపిణీ వ్యాపారమే.

ప్రశ్న: విచర్ నవలలు రాసినాయన్ని కంపెనీ మోసం చేసిందని గొడవ జరిగింది కదా?
– ఎల్.జి., నెల్లూరు

జవాబు: మోసం అనలేం. ఆంద్జేయ్ సప్కోవ్‌స్కీ పోలాండ్‌లో అప్పటికే పెద్ద పేరున్న రచయిత. నవలల మీద గేము తీసే హక్కుల కోసం లాభాల్లో వాటా ఇస్తామంటే వద్దు, మొత్తం ఒకేసారి ఇచ్చెయ్యండి అని ఆయనే అన్నాడు. ఈ గేము ఆడుతుందన్న నమ్మకం ఆయనకు లేదు, ఆ మాట తర్వాత పేపర్లవాళ్లకు కూడా చెప్పి తనను తానే తిట్టుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టడం కూడా కష్టమే. అంతకుముందు 1990ల్లో మెట్రోపాలిస్ అనే ఇంకో పోలిష్ స్టూడియో ఇవే హక్కులు తీసుకుని మధ్యలో వదిలేసింది. ఒకసారి ఆశపెట్టి వదిలేస్తే రెండోసారి ఎవరైనా నగదే అడుగుతారు.

2018లో ఆయన లాయర్లు 6 కోట్ల జ్లోటీలు ఇవ్వాలని నోటీసు పంపారు. మొదట అనుకున్న ప్రతిఫలానికీ వచ్చిన లాభానికీ బొత్తిగా పొంతన లేనప్పుడు రచయిత ఇంకా అడగొచ్చని పోలాండ్ కాపీరైట్ చట్టంలో ఒక సెక్షన్ ఉంది, దాన్ని పట్టుకున్నారు. 2019 డిసెంబర్‌లో ఇద్దరూ కొత్త ఒప్పందం చేసుకుని రాజీపడ్డారు. మన రచయితలు సినిమా హక్కులు అమ్మేటప్పుడు ఇలాంటి సెక్షన్ ఒకటి ఉంటే బాగుండునని అనిపించిందండీ ఇది చదివినప్పుడు.

ప్రశ్న: మొదటి ‘విచర్’ ఇంగ్లిష్‌లో ఆడాను. డైలాగులు ముక్కలు ముక్కలుగా, ఒకదానికొకటి అతకనట్టు ఉన్నాయి. అనువాదంలో పేరున్న కంపెనీ సొంత గేముకు ఇలా ఎందుకు చేసింది?
– ఎస్.టి., విశాఖపట్నం

జవాబు: మీరు ఆడింది 2007 నాటి మొదటి ఎడిషన్ అయి ఉంటుంది. పోలిష్‌లో రాసిన సంభాషణలను ఇంగ్లిష్‌లోకి తెచ్చేటప్పుడు బాగా కత్తిరించారు. దాంతో ఒక మనిషి ఏదో అడుగుతాడు, ఎదుటివాడు ఇంకేదో చెబుతాడు. బయటి భాషలు సొంత భాషలోకి తేవడంలో ఎంత చెయ్యి తిరిగినా, సొంత భాషను బయటికి పంపడం వేరే విద్య. అందులో వీళ్లు కొత్తవాళ్లే.

కానీ తర్వాత చేసిన పని చూడండి. 2008లో ‘ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్’ అని తెచ్చి ఇంగ్లిష్ డైలాగులు తిరగరాశారు, గొంతులు మళ్లీ రికార్డు చేయించారు, జర్మన్ కూడా సరిచేశారు. పాత కాపీ ఉన్నవాళ్లకు ఇదంతా ఉచితం. ‘విచర్ 3’ వచ్చేనాటికి విడుదల రోజునే 15 భాషల్లో అక్షరాలు, 7 భాషల్లో గొంతులు ఇచ్చారు. కథానాయకుడు గెరాల్ట్‌కు పోలిష్‌లో యాత్సెక్ రోజెనెక్, ఇంగ్లిష్‌లో డగ్ కాకిల్. ఏది అసలు గెరాల్ట్ అని వార్సాలో అడిగితే ఒకటి చెబుతారు, లండన్‌లో అడిగితే ఇంకొకటి.

ప్రశ్న: ఈ కంపెనీ ఒక దశలో దివాలా అంచు దాకా వెళ్లిందట. స్టాక్ మార్కెట్‌లోకి కూడా దొడ్డిదారిన వెళ్లిందని మా కొలీగ్ అంటున్నాడు. ఏమిటా కథ?
– బి.కె., హైదరాబాద్

జవాబు: మీ కొలీగ్ చెప్పింది కరెక్టే, కాకపోతే ఆ దొడ్డిదారి చట్టప్రకారం ఉన్నదే. మొదటి ‘విచర్’ పీసీలో బాగా ఆడాక దాన్ని కన్సోల్‌కు మార్చే పని వైడ్‌స్క్రీన్ గేమ్స్ అనే ఫ్రెంచి స్టూడియోకు ఇచ్చారు. ‘రైజ్ ఆఫ్ ద వైట్ వుల్ఫ్’ అని పేరు కూడా పెట్టారు. పని నత్తనడక, డబ్బు మాత్రం నీళ్లలా పోయింది. 2009లో ఆపేశారు. ఆపేసరికి పబ్లిషర్ అటారీ పెట్టిన డబ్బు వెనక్కి అడిగింది. ఆ గొడవ తీర్చుకోవడానికి ‘విచర్ 2’ను ఉత్తర అమెరికాలో పబ్లిష్ చేసే హక్కు అటారీకి రాసిచ్చారు. పైగా అప్పుడే ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. జీతాలకే టెన్షన్ పడే స్థితి.

అప్పుడు ఆప్టిమస్ దొరికింది. ఆప్టిమస్ అంటే 1988లో రోమన్ క్లుస్కా పెట్టిన కంప్యూటర్ల కంపెనీ, ఒకప్పుడు పోలాండ్‌లో ప్రతి ఆఫీసులో దాని పీసీలే. ఓనెట్ అనే పెద్ద వెబ్ పోర్టల్ కూడా అందులోంచి వచ్చిందే. 2002లో క్లుస్కాను పన్నుల కేసులో అరెస్టు చేశారు, తర్వాత కోర్టులో ఆయన నిర్దోషిగా తేలాడు, అది వేరే పెద్ద కథ. 2009 నాటికి ఆప్టిమస్‌కు పెద్దగా వ్యాపారం మిగల్లేదు, వార్సా స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన పేరు మాత్రం ఉంది. ఇటు వీళ్లకు వ్యాపారం ఉంది, మార్కెట్ నుంచి డబ్బు తెచ్చుకునే దారి లేదు. కాగితం మీద ఆప్టిమస్ వీళ్లను కలుపుకుంది, నిజానికి వీళ్లే ఆప్టిమస్‌లోకి చేరి దాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. 2011లో ఆప్టిమస్ పేరు కూడా మార్చేశారు. ఐపీఓ తలనొప్పి లేకుండా లిస్టెడ్ కంపెనీ అయిపోయారు.

అదే ఏడాది మేలో ‘విచర్ 2’ వచ్చింది, గట్టెక్కారు. ఆ నెలలోనే పోలాండ్ వెళ్లిన ఒబామాకు అప్పటి ప్రధాని టస్క్ ఇచ్చిన బహుమతుల్లో ఆ గేము కూడా ఉంది. మూడేళ్ల తర్వాత మళ్లీ వార్సా వచ్చినప్పుడు ఒబామా దాన్ని గుర్తుచేసి, నాకు వీడియో గేములు అంత బాగా రావు అన్నాడు.

మరి మొదట అన్నం పెట్టిన అనువాదం, పంపిణీ విభాగం ఏమైంది అంటారా? దానికి ‘సీడీపీ డాట్ పీఎల్’ అని పేరు పెట్టి, 2014లో తమ వాటా అమ్మేసుకుని బయటికొచ్చారు. డౌన్‌లోడ్ల కాలంలో డబ్బాల పంపిణీకి రోజులు దగ్గరపడ్డాయని వాళ్లకంటే బాగా ఎవరికి తెలుస్తుంది.

ప్రశ్న: సీడీ ప్రాజెక్ట్ పెట్టిన జీఓజీ అనే ఆన్‌లైన్ షాపులో కొన్న గేముకు తాళం, ఆన్‌లైన్ చెకింగ్ ఏమీ ఉండవు కదా. అలా ఇస్తే అందరూ కాపీ కొట్టుకోరా?
– వై.ఎస్., తిరుపతి

జవాబు: కొడతారు. తాళం వేసినా కొడతారు. ఈ రెండో వాక్యమే వాళ్ల వాదన. 2008లో జీఓజీ మొదలైనప్పుడు పాత గేములే అమ్మేవాళ్లు, ధర 5.99 డాలర్లు లేదా 9.99 డాలర్లు. మొదట గేములిచ్చినవాళ్లలో వీళ్ల పాత చుట్టం ఇంటర్‌ప్లే ఉంది. కొత్త విండోస్‌లో నడవని పాత గేములను నడిచేలా చేసి, మాన్యువల్, సంగీతం జతచేసి ఇచ్చేవాళ్లు. ఉచితంగా దొరికే దొంగ కాపీని మనం నడిపించుకోవడానికి పడే తిప్పలకు వీళ్లు ఆరు డాలర్లు ధర కట్టారన్నమాట, 1999 నాటి డబ్బా లెక్కే ఇది.

‘విచర్ 2’ వచ్చినప్పుడు ఇంకో తమాషా జరిగింది. జీఓజీలో తాళం లేని కాపీ, షాపుల్లో తాళం ఉన్న కాపీ అమ్మారు. టొరెంట్లలో పాకింది తాళం లేనిది అనుకుంటాం కదా? కాదు, షాపు కాపీ తాళం పగలగొట్టి దాన్నే పంచారు. పగలగొట్టడంలోనే ఉంది వాళ్ల గొప్ప. దొంగ కాపీలు 45 లక్షల దాకా ఉంటాయని ఇవిన్‌స్కీ స్వయంగా అంచనా వేశాడు.

అయినా వీళ్లు ఎప్పుడూ బుద్ధిమంతులే అనుకోకండి. ఆ తర్వాత జర్మనీలో డౌన్‌లోడ్ చేశారన్న అనుమానంతో లాయర్ల ద్వారా ఇళ్లకు నోటీసులు పంపి వందల యూరోలు అడిగించారు. అభిమానులు ఏకిపారేశారు, 2012 జనవరిలో బహిరంగ లేఖ రాసి ఆపేశారు. 2010లో జీఓజీ మూతపడిందని నాటకమాడి, నాలుగు రోజుల తర్వాత కంపెనీ పెద్దలు సన్యాసుల వేషాల్లో వచ్చి క్షమాపణ చెప్పిన ఎపిసోడ్ ఇంకొకటి. అది నాకైతే అస్సలు నచ్చలేదు. డబ్బు పెట్టి గేములు కొన్నవాళ్ల గుండెలు ఆగినంత పనైంది.

ప్రశ్న: అమెరికాలో వర్కింగ్ డిజైన్స్ అనే కంపెనీ కూడా ఇలాగే జపాన్ గేములు అనువాదం చేసి పెద్ద పెద్ద డబ్బాల్లో అమ్మేది. అది ఎందుకు మూతపడింది, సీడీ ప్రాజెక్ట్ ఎందుకు బతికింది?
– ఆర్.పి., డాలస్

జవాబు: మంచి పోలిక తెచ్చారు. వర్కింగ్ డిజైన్స్ 1986లో కాలిఫోర్నియాలో రెడింగ్ అనే చిన్న ఊళ్లో మొదలైంది. మొదట్లో దానికి గేములతో సంబంధమే లేదు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్. ఆ ప్రోగ్రాములు రాయడానికి చేరిన విక్టర్ ఐర్లండ్, వ్యవస్థాపకుల్లో ఒకరు హఠాత్తుగా చనిపోయాక, మిగిలిన భాగస్వామితో కలిసి దాన్ని గేముల వైపు తిప్పాడు. సెగా సీడీ అనే కన్సోల్ మీద ‘లూనార్’, ప్లేస్టేషన్ మీద దాని కొత్త రూపం, వీటితో పేరొచ్చింది. 1999లో వచ్చిన ‘లూనార్’ డబ్బాలో గుడ్డ మీద అచ్చేసిన మ్యాపు, గట్టి అట్ట పుస్తకం, పాటల సీడీ, తెర వెనక సంగతులు చూపించే సీడీ ఉండేవి. డబ్బా విషయంలో వార్సావాళ్లకు ఏమాత్రం తీసిపోరు.

అనువాదంలో మాత్రం వీళ్లది వేరే దారి. జపాన్ పల్లెటూరి మనిషి నోట అమెరికా టీవీ జోకులు పెట్టేవాళ్లు. కొందరికి అదే ప్రాణం, కొందరికి ఒళ్లుమంట. నేను రెండో జట్టు. ఇంకా ఘోరం, కొన్ని గేముల్లో కష్టం కూడా పెంచేవాళ్లు. ‘లూనార్: ఎటర్నల్ బ్లూ’లో సేవ్ చేసుకోవాలంటే ఆడి సంపాదించిన పాయింట్లు ఖర్చుపెట్టాలి, జపాన్ వెర్షన్‌లో ఆ బాధ లేదు. ఆలస్యాలకు కూడా పెట్టింది పేరు. ‘మ్యాజిక్ నైట్ రేఎర్త్’ ఎప్పటి నుంచో ఊరించి 1998 చివర్లో వచ్చింది, అమెరికాలో సెగా శాటర్న్‌కు వచ్చిన ఆఖరి గేము అదే.

2005 డిసెంబర్‌లో మూసేశారు. నా ఉద్దేశంలో అసలు తేడా ఎక్కడుందంటే, కన్సోల్ మీద గేము అమ్మాలంటే ఆ కన్సోల్ యజమాని అనుమతి కావాలి. ‘గోయెమోన్’ గేముకు సోనీ అమెరికా విభాగం ఒప్పుకోలేదు, అక్కడితో ఆ పని ఆగిపోయింది. పీసీ మీద అమ్మేవాడికి ఆ బెడద లేదు, కాబట్టి సీడీ ప్రాజెక్ట్ ఎవరి గుమ్మం ముందూ నిలబడకుండా పెరిగింది. రెండోది, వర్కింగ్ డిజైన్స్‌కు చివరి దాకా సొంత గేమంటూ లేదు. ఐర్లండ్ తర్వాత గైజిన్‌వర్క్స్ పేరుతో మళ్లీ అదే పని మొదలుపెట్టాడు. కొందరికి ఆ పిచ్చి వదలదు.

ప్రశ్న: పోలాండ్ జనాభా నాలుగు కోట్లు కూడా లేదు. తెలుగు మాట్లాడేవాళ్లం ఎనిమిది కోట్ల పైనే ఉన్నాం. మరి పెద్ద పీసీ గేములు తెలుగులో ఎందుకు రావు? మన భాష అంటే చులకనా?
– సి.హెచ్., కరీంనగర్

జవాబు: చులకన కాదండీ, లెక్క. కంపెనీ చూసేది మాట్లాడేవాళ్లను కాదు, కొనేవాళ్లను. అందులోనూ ‘ఈ భాషలో లేకపోతే కొనను’ అనేవాళ్లను. 1999లో పోలాండ్ కుర్రాడికి ఇంగ్లిష్ రాదు, పోలిష్‌లో ఇస్తే తప్ప ‘బాల్డర్స్ గేట్’ వాడికి పనికిరాదు. మన దగ్గర పీసీ మీద వేల రూపాయల గేము కొనే కుర్రాడు ఇంగ్లిష్ మీడియంలో చదివినవాడే అయి ఉంటాడు, వాడు తెలుగు లేదని ఆగడు. సినిమాకైతే తెలుగు డబ్బింగ్ లేకపోతే హాలు ఖాళీ, అందుకే డబ్బింగ్ పరిశ్రమ అంత పెద్దది. గేము ఆడేటప్పుడు మాత్రం ఎవరూ అడగరు. అడగనిది ఎవరూ ఇవ్వరు. మీరైనా నిజం చెప్పండి, ‘విచర్ 3’ తెలుగులో వచ్చిందనుకుందాం, ఆ ఒక్క కారణంతో దొంగ కాపీ మానేసి అసలుది కొనేవాళ్లు మీ స్నేహితుల్లో ఎంతమంది?

నా వరకు ఫోన్ల మీద ఆశ ఉంది. ఇంగ్లిష్ రాకుండా ఆడే లక్షల మంది ఉన్నది అక్కడే.

ప్రశ్న: ఇంత నమ్మకం సంపాదించి ‘సైబర్‌పంక్ 2077’ గేముతో పరువు తీసుకున్నారు కదా!
– జి.వి., కర్నూలు

జవాబు: తీసుకున్నారు. 2020 డిసెంబర్ 10న వదిలారు, పాత కన్సోళ్ల మీద నడవలేదు. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. విడుదలకు ముందు రివ్యూ రాసేవాళ్లకు పీసీ కాపీలే ఇచ్చి కన్సోల్ కాపీలు చూపించకపోవడం నాకు అన్నిటికంటే తప్పుగా అనిపించింది. బగ్గులు ఎవరి గేములోనైనా ఉంటాయి, కొనేవాడి కంట పడకుండా దాచడం వేరు. ఒకప్పుడు కొనేవాడి వైపు నిలబడి ఆలోచించినవాళ్లే, షేర్‌హోల్డర్లకు చెప్పిన తేదీకి భయపడ్డారు. తర్వాత ఏళ్ల తరబడి బాగుచేసి, 2023లో ‘ఫాంటమ్ లిబర్టీ’ అనే అదనపు భాగంతో చాలావరకు మళ్లీ నిలబెట్టారు. ‘సైబర్‌పంక్’ అమ్మకాలు 3 కోట్ల కాపీలు దాటాయి. ‘విచర్ 3’ 2023కే 5 కోట్లు దాటింది.

ప్రశ్న: ఇవన్నీ చదివాక మొదటి ‘విచర్’ ఆడాలనిపిస్తోంది. నా దగ్గర పాత లాప్‌టాప్ ఉంది. ఏ ఎడిషన్ కొనాలి?
– ఎన్.ఎం., శ్రీకాకుళం

జవాబు: ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్, వేరే ఆలోచన వద్దు. పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. సేల్‌లో చాలా చవగ్గా దొరుకుతుంది, ఆగి కొనండి. భాష మార్చుకునే వీలుంది కాబట్టి గొంతులు పోలిష్‌లో, అక్షరాలు ఇంగ్లిష్‌లో పెట్టుకుని చూడండి, ఊళ్లోవాళ్ల తిట్లు అలా వింటేనే మజా. మొదటి అధ్యాయం సాగుతుంది, విసుగొచ్చినా వదలొద్దు, రెండో అధ్యాయం నుంచి దారిలో పడుతుంది. కొత్త ఇంజిన్ మీద రీమేక్ చేస్తున్నామని 2022లో ప్రకటించారు, ఫూల్స్ థియరీ అనే పోలిష్ స్టూడియో చేస్తోంది. కానీ అది మీ పాత లాప్‌టాప్ మీద నడుస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.